టైమింగ్ బెల్టు: ఇంటి ముంగిట్లోకి వచ్చి వెళ్ళిన ఒక ఇంజన్ పని

కారు ఇంజన్‌లో క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరిగేసరికి కామ్‌షాఫ్టు సరిగ్గా ఒక చుట్టు తిరగాలి. జర్మనీలో నికొలాస్ ఒట్టో 1876లో నాలుగు స్ట్రోకుల ఇంజన్‌ను నడిపి చూపినప్పటి నుంచి ఈ లెక్క మారలేదు. క్రాంక్‌షాఫ్టు పిస్టన్లతో కలిసి తిరుగుతుంది. కామ్‌షాఫ్టు వాల్వులను తెరిచి మూస్తుంది. ఇంజన్ నిమిషానికి 3,000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుంటుంది. ఆ తెరుచుకునే వేళ కాస్త తప్పినా బండి లాగదు, ఇంకాస్త తప్పితే అసలు స్టార్టే కాదు. కొన్ని ఇంజన్లలో అయితే పైకి వచ్చే పిస్టను తెరిచి ఉన్న వాల్వును గుద్దేస్తుంది.

ఈ రెండు షాఫ్టులనూ ఒక లెక్కలో నడపడానికి పళ్ళ చక్రాలు, గొలుసులు, నిలువు షాఫ్టులు, చివరికి రబ్బరు బెల్టులు వాడారు. మొదటి మూడూ ఇంజన్ లోపల నూనెలో తడుస్తూ ఉండేవి. ఇంజన్ మొత్తం విప్పిన రోజున తప్ప వాటి మొహం చూసేవాళ్ళు లేరు. బెల్టు మాత్రం ఇంజన్ బయట, పొడిగా, ఒక మూత వెనక నడిచింది; కొన్నేళ్ళకోసారి దాన్ని మార్చి తీరాలి. అలా మార్చడం 1970ల నుంచి ఐరోపాలో, అమెరికాలో మామూలు కారు యజమాని సెలవు రోజున ఇంటి ముందే చేసుకోగలిగిన పని అయింది. తర్వాత ముప్పై నలభై ఏళ్ళలో అది మెల్లగా అతని చేతిలోంచి పోయింది. రెండింటికీ కారణం చాలావరకు ఇంజన్ కట్టే తీరులోనే ఉంది.

తొలి కార్లలో కామ్‌షాఫ్టు ఇంజన్ దిమ్మలోనే, క్రాంక్‌షాఫ్టుకు పక్కనే ఉండేది. 1908 నాటి ఫోర్డ్ మోడల్ టీలో రెండింటినీ పళ్ళ చక్రాలే కలిపేవి. దూరం కాస్త పెరిగినచోట పొట్టి గొలుసు వేసేవారు. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని ఇంజన్లలో ఉన్నది ఈ పొట్టి గొలుసే. వాల్వులు పైన హెడ్డులో ఉన్నా, కామ్‌షాఫ్టు కిందే ఉండి పొడుగాటి పుష్‌రాడ్లతో వాటిని తట్టి లేపేది. గొలుసు సాగితే ముందువైపు నుంచి చప్పుడు వచ్చేది. ఆ చప్పుడుతోనే ఏళ్ళ తరబడి బండి నడిపేవాళ్ళు. గొలుసును ఫలానా కిలోమీటర్లకు మార్చాలన్న నియమం సర్వీసు పుస్తకాల్లో సాధారణంగా కనిపించేది కాదు.

వేగం ఎక్కువ కావాలంటే కామ్‌షాఫ్టును వాల్వుల నెత్తిమీదికే ఎక్కించాలని రేసు కార్లు చేసేవాళ్ళకు ముందే తెలుసు. పుష్‌రాడ్ల బరువు పోతే వాల్వులు చురుగ్గా కదులుతాయి. కానీ అప్పుడు క్రాంక్‌షాఫ్టుకూ కామ్‌షాఫ్టుకూ మధ్య దూరం బాగా పెరుగుతుంది. 1920ల బెంట్లీ 3 లీటర్ కారులో ఈ దూరాన్ని నిలువు షాఫ్టుతో, ఏటవాలు పళ్ళ చక్రాలతో దాటారు. దానికి పనితనమూ డబ్బూ రెండూ కావాలి. 1948లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌కే ఇంజన్‌లో రెండు అంచెలుగా గొలుసులు వేశారు. పొడుగాటి గొలుసు కొట్టుకోకుండా పట్టీలు, బిగువు చూసే సాధనాలు, దాని చుట్టూ నూనె కారకుండా మూసిన గది అవసరం. ఖరీదైన కారుకు ఇవన్నీ చెల్లుతాయి, చౌక కారుకు చెల్లవు. అందుకే రెండో ప్రపంచయుద్ధం అయ్యాక కూడా మధ్యతరగతి కార్లలో పుష్‌రాడ్లే కొనసాగాయి.

దారి చూపింది కుట్టుమిషను. 1940ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఎల్. హెచ్. గిల్మర్ అనే బెల్టుల కంపెనీలో పనిచేసే రిచర్డ్ కేస్, లోపలివైపు పళ్ళున్న బెల్టును రూపొందించాడు. సింగర్ కుట్టుమిషనులో సూదీ కింది బాబిన్ యంత్రాంగమూ ఒకదానికొకటి తప్పకుండా నడవాలి. మామూలు బెల్టు జారుతుంది. పళ్ళున్న బెల్టు చక్రం పళ్ళలో దిగి కూర్చుంటుంది కాబట్టి జారదు, గొలుసులా గలగలలాడదు, నూనె అక్కరలేదు. లోపల సాగని దారాలు, పైన రబ్బరు: ఇంతే దాని నిర్మాణం. కారు ఇంజన్‌కు కావలసిన గుణాలు కూడా అచ్చంగా ఇవే. అయినా కార్ల కంపెనీలు రబ్బరును నమ్మడానికి ఇంకో పదిహేనేళ్ళు పట్టింది.

ముందుగా నమ్మింది ఒక రేసు కార్ల మనిషి. కాలిఫోర్నియాలో బిల్ డెవిన్ 1954లో ఫ్రాన్సు పాన్‌హార్డ్ కారు చిన్న ఇంజన్ మీద నార్టన్ మోటారుసైకిల్ హెడ్డులు బిగించి, వాటి పైనున్న కామ్‌షాఫ్టులను గిల్మర్ బెల్టుతో తిప్పాడు. చేతిలో ఉన్న సరుకుతో షెడ్డులో చేసిన ప్రయోగమే అయినా ఆ కారు 1956లో అమెరికా క్రీడాకార్ల క్లబ్బు జాతీయ పోటీలో తన తరగతిలో నెగ్గింది. టైమింగ్ బెల్టు మోటారు చరిత్రలోకి పెద్ద కంపెనీల ప్రయోగశాలల నుంచి కాక ఇలాంటి సొంత షెడ్డు నుంచి రావడం గమనించదగ్గ విషయం.

ఫ్యాక్టరీలో పెద్ద సంఖ్యలో తయారైన కారుకు బెల్టు పెట్టిన మొదటి ఘనత పశ్చిమ జర్మనీలోని హాన్స్ గ్లాస్ కంపెనీది. బవేరియాలోని డింగోల్ఫింగ్ ఊళ్ళో విత్తనాలు నాటే యంత్రాలు చేసుకునే ఈ కుటుంబ సంస్థ యుద్ధం తర్వాత స్కూటర్లలోకి, 1955లో గోగోమొబిల్ అనే బుల్లి కారులోకి దిగింది. 1962లో అమ్మకానికి వచ్చిన గ్లాస్ 1004 కారులో 992 సీసీ ఇంజన్, నెత్తిన కామ్‌షాఫ్టు, దాన్ని తిప్పే పళ్ళ బెల్టు ఉన్నాయి. దాని వెనక ఉన్న ఇంజనీరు లియోన్‌హార్డ్ ఇషింగర్. సొమ్ము తక్కువున్న చిన్న కంపెనీ కావడం వల్లే ఖరీదైన గొలుసు ఏర్పాటు జోలికి పోకుండా బెల్టును ఎంచుకుందనుకోవచ్చు. 1966లో బీఎమ్‌డబ్ల్యూ గ్లాస్‌ను కొనేసింది, డింగోల్ఫింగ్ ఆ తర్వాత దాని పెద్ద ఫ్యాక్టరీల్లో ఒకటైంది. గొలుసుల కంపెనీగా పేరున్న బీఎమ్‌డబ్ల్యూయే 1977లో తన చిన్న ఆరు సిలిండర్ల ఇంజన్‌కు బెల్టు వేసింది.

1966 ప్రాంతంలో అందరూ ఒక్కసారి కదిలారు. అమెరికాలో పాంటియాక్ తన ఆరు సిలిండర్ల ఇంజన్‌కు గాజు నారతో గట్టిపరిచిన నియోప్రీన్ బెల్టు పెట్టింది. ఇటలీలో, గతంలో ఫెరారీ ఇంజన్లు రూపొందించిన ఆరేలియో లాంప్రెడి, ఫియట్ 124 స్పోర్ట్ కోసం రెండు కామ్‌షాఫ్టులనూ ఒకే బెల్టుతో తిప్పే ఇంజన్ గీశాడు. అంతవరకూ ధనికుల కార్లకే పరిమితమైన రెండు కామ్‌షాఫ్టుల ఇంజన్ దాంతో మామూలు ధరకు దిగింది. 1967లో బ్రిటన్‌లో వాక్స్‌హాల్ విక్టర్, 1969లో ఫియట్ 128, 1970లో ఫోర్డ్ కోర్టినా మూడో రూపం, అమెరికాలో షెవ్రొలే వేగా, 1972లో హోండా సివిక్, ఆడి 80, వాటి వెంట 1974లో ఫోక్స్‌వాగన్ గోల్ఫ్ వరసగా బెల్టు బాట పట్టాయి. 1976లో గోల్ఫ్ డీజిలు వచ్చింది. అందులో బెల్టు కామ్‌షాఫ్టుతో పాటు డీజిలు పంపును కూడా తిప్పేది. పదేళ్ళలో బెల్టు సాహసం అనిపించుకునే దశ దాటి మామూలు సరుకైంది.

ఆ పదేళ్ళలోనే కారు యజమానికి ఒక కొత్త ఖర్చు తయారైంది. రబ్బరు వేడికి ఎండిపోతుంది, నూనె తగిలితే ఉబ్బుతుంది, పళ్ళు మొదట్లో పగిలి తర్వాత ఊడతాయి. గొలుసులా ముందుగా చప్పుడు చేసి హెచ్చరించదు, నడుస్తూ నడుస్తూ తెగిపోతుంది. కాబట్టి అరిగిందో లేదో చూడకుండానే గడువు ప్రకారం మార్చాలి. తొలి తరం బెల్టులకు చాలా కంపెనీలు 60 వేల కిలోమీటర్ల చుట్టుపక్కల గడువు పెట్టాయి. ఈ పనికి గ్యారేజీలో పట్టే గంటల కూలీతో పోలిస్తే బెల్టు ధర చిన్నది. పశ్చిమ ఐరోపాలో గ్యారేజీ గంట కూలీ పెరుగుతున్న కొద్దీ, ఆ కూలీ మిగుల్చుకోవాలనుకునే యజమానులు కూడా పెరిగారు.

వాళ్ళకు కావలసింది చూపించే పుస్తకం. అది బ్రిటన్‌లో అప్పుడే పుట్టింది. జాన్ హేన్స్ బళ్ళో చదివే రోజుల్లోనే ఆస్టిన్ 7 కారును మార్చి సొంత స్పోర్ట్స్ కారు కట్టుకుని, ఆ విధానం మీద 1956లో చిన్న పుస్తకం అచ్చేశాడు. తర్వాత వైమానిక దళంలో చేరి 1965లో ఏడెన్‌కు వెళ్ళాడు. అక్కడ ఒక సహోద్యోగి కొనుక్కున్న పాత ఆస్టిన్-హీలీ స్ప్రైట్ కారును బాగుచేయడంలో సాయపడుతూ, కంపెనీ ఇచ్చే మాన్యువల్ మామూలు మనిషికి ఏమాత్రం పనికిరాదని గ్రహించాడు. అది శిక్షణ పొందిన మెకానిక్కుల కోసం రాసింది. ప్రత్యేక పనిముట్లన్నీ చేతిలో ఉన్నట్టే మాట్లాడుతుంది. దాంతో కారును ముక్క ముక్కగా విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ, అడుగడుగునా ఫొటోలు తీశాడు. 1966లో వచ్చిన స్ప్రైట్ మాన్యువల్ మొదటి ముద్రణ 3,000 ప్రతులు మూడు నెలల లోపే అమ్ముడుపోయాయి.

హేన్స్ పద్ధతిలో కీలకం ఏమిటంటే, రాసేవాళ్ళు ఆ కారును నిజంగా కొని, విప్పి, తమ చేతులతో బిగించాకే రాసేవారు. ఏ బోల్టు తుప్పుపట్టి మొరాయిస్తుందో, ఎక్కడ చెయ్యి పట్టదో వాళ్ళకు అనుభవంలో తెలిసేది. తర్వాతి సంచికల్లో ప్రతి పనికీ ఒకటి నుంచి ఐదు వరకు పానా బొమ్మలతో కష్టం ఎంతో సూచించారు. ఇంగ్లండులోని స్పార్క్‌ఫర్డ్ అనే పల్లె నుంచి నడిచిన ఈ సంస్థ ఇరవై కోట్లకు పైగా పుస్తకాలు అమ్మింది. అమెరికాలో ఇలాంటి పాత్రే చిల్టన్ మాన్యువళ్ళది. ఒక తరం మగవాళ్ళు వాల్వు ఖాళీలు సరిచేయడం, బ్రేకు షూలు మార్చడం నేర్చుకున్నది వీటిలోంచే. ఆడవాళ్ళను పాఠకులుగా ఈ పుస్తకాలు చాలాకాలం ఊహించలేదు. ఇంటి దగ్గర చేసుకునే పనుల వరసలో టైమింగ్ బెల్టు చివర చేరిన పెద్ద పని.

1970ల్లో ఆ పని నిజానికి భయపడాల్సినంతది కాదు. కోర్టినా, విక్టర్ లాంటి కార్లలో ఇంజన్ పొడవుగా, ముందు నుంచి వెనక్కి పెట్టి ఉండేది. బెల్టు ఇంజన్ ముక్కు మీద, రేడియేటర్‌కు ఎదురుగా ఉంటుంది. రేడియేటర్ విప్పితే నిలబడి పనిచేసేంత చోటు దొరికేది. క్రాంక్ పుల్లీ మీద గీత, కామ్‌షాఫ్టు చక్రం మీద చుక్క, వాటికి ఎదురుగా ఇంజన్ మీద గుర్తులు ఉంటాయి. మొదటి సిలిండర్ పిస్టను పూర్తిగా పైకి వచ్చేలా పానాతో క్రాంక్‌ను తిప్పి, గుర్తులన్నీ ఎదురెదురుగా నిలిపి, బిగువు చక్రం బోల్టు వదులుచేసి, పాత బెల్టు తీసి కొత్తది ఎక్కించడమే. బిగువు సరిపోయిందో లేదో చూసే పాత పద్ధతి ఇంకా సులువు: పొడుగాటి వైపు మధ్యలో బెల్టును బొటనవేలూ చూపుడువేలూ పట్టి తిప్పితే సరిగ్గా పావు చుట్టు తిరగాలి. అంతకన్నా ఎక్కువ తిరిగితే వదులు, తక్కువ తిరిగితే బిగువు.

చివర్లో క్రాంక్‌ను చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి గుర్తులు మళ్ళీ కలిశాయేమో చూడాలని ప్రతి మాన్యువలూ పట్టుబట్టేది. ఒక చుట్టుకే క్రాంక్ గుర్తు కలుస్తుంది కానీ కామ్‌షాఫ్టు అప్పటికి సగమే తిరిగి ఉంటుంది. రెండో చుట్టులోనే తప్పు బయటపడుతుంది. క్రాంక్ చక్రానికి 20 పళ్ళుంటే ఒక్క పన్ను తప్పితే 18 డిగ్రీల తేడా. బండి స్టార్ట్ అవుతుంది కూడా, కాకపోతే లాగదు, పెట్రోలు తాగుతుంది. స్టార్టర్ మోటారుతో కాకుండా చేత్తో తిప్పమనడంలో ఇంకో జాగ్రత్త ఉంది: ఎక్కడైనా పిస్టను వాల్వుకు తగిలితే చేతికి అడ్డం తెలుస్తుంది, అక్కడే ఆగిపోవచ్చు.

పిస్టను తగిలే ఇంజన్లూ తగలని ఇంజన్లూ ఉన్నాయి. కోర్టినాలోని రెండు లీటర్ల ఇంజన్ తగలని రకం. బెల్టు తెగితే బండి ఆగుతుంది, కొత్త బెల్టు వేసుకుని ఇంటికి పోవచ్చు. చాలామంది ఇంటి మెకానిక్కులకు ధైర్యమిచ్చింది ఈ రకమే. కానీ మైలేజీ కోసం, కాలుష్య నిబంధనల కోసం కంపెనీలు మండే గదిని చిన్నది చేస్తూ, వాల్వులను లోతుగా తెరుస్తూ పోయాయి. సిలిండరుకు నాలుగు వాల్వుల ఇంజన్లు వచ్చాక తగిలే రకం ఎక్కువైంది. డీజిలు ఇంజన్లయితే దాదాపు అన్నీ అంతే, పిస్టను పైకి వచ్చినప్పుడు హెడ్డుకూ దానికీ మధ్య మిగిలే చోటు అతి స్వల్పం. వాటిలో బెల్టు తెగితే వాల్వులు వంగుతాయి, హెడ్డు దించాలి, ఒక్కోసారి ఇంజనే మార్చాలి. పాత కారు విలువ కన్నా రిపేరు ఖర్చు ఎక్కువయ్యే పరిస్థితి ఇలాగే వచ్చింది.

చోటు కూడా తగ్గిపోయింది. ఫియట్ 128 చూపిన అడ్డ ఇంజన్ ఏర్పాటు, అంటే ఇంజన్‌నూ గేరుబాక్సునూ పక్కపక్కన అడ్డంగా పెట్టి ముందు చక్రాలను తిప్పడం, 1980లకల్లా చిన్న కార్లన్నిటికీ ప్రమాణమైంది. ప్రయాణికులకు లోపల చోటు పెరిగింది కానీ బెల్టు ఉన్న వైపు కారు పక్క గోడకు ఆనుకుపోయింది. మధ్యలో ఉండేది చెయ్యి పట్టీ పట్టనంత సందు. చాలా కార్లలో ఇంజన్‌ను మోసే దిమ్మ బెల్టు చుట్టలోంచే వెళ్తుంది. ఇంజన్‌ను కింద జాకీతో మోసి ఆ దిమ్మ విప్పితే తప్ప బెల్టు బయటికి రాదు. ముందు చక్రం తీసి, చక్రం గూటిలోని ప్లాస్టిక్ తొడుగు విప్పి, పడుకుని పనిచేయాలి. పుల్లీ మధ్య బోల్టు ఇంకో పరీక్ష. హోండాల్లో అది పెట్టింది పేరు. అప్పటి హోండా ఇంజన్లు చాలావాటికి భిన్నంగా అపసవ్యంగా తిరిగేవి, దాంతో బోల్టు నడకలోనే ఇంకా బిగుసుకునేది. దాన్ని విప్పడానికి పుల్లీలోని 50 మిల్లీమీటర్ల ఆరుపలకల గుంటలో పట్టే ప్రత్యేక పట్టును పనిముట్ల వ్యాపారులు తయారుచేసి అమ్మారు.

ఈ ఇబ్బందులకు ఇంటి మెకానిక్కులు తమ ఉపాయాలు తాము కనిపెట్టుకున్నారు. పాత బెల్టు తీసే ముందు టైపు తప్పులు దిద్దే తెల్ల సిరాతో బెల్టు మీద, రెండు చక్రాల మీద చుక్కలు పెట్టి, పళ్ళు లెక్కపెట్టి, అవే చుక్కలను కొత్త బెల్టు మీదికి దించడం అందులో ఒకటి. ఫ్యాక్టరీ గుర్తులు కనపడని చోట కూడా అప్పుడు పని సాగుతుంది. ఇంకొకటి మరీ తెలివైనది: పాత బెల్టును నిలువునా సగానికి కోసి, లోపలి సగం చక్రాలను కదలకుండా పట్టుకుని ఉండగానే కొత్త బెల్టును ఖాళీ అయిన బయటి సగంలోకి తోసి, మిగిలిన సగాన్ని కత్తిరించి లాగేయడం. కంపెనీ పుస్తకాలు దీన్ని ఒప్పుకోవు. అయినా నాలుగు వాల్వుల ఇంజన్లలో వాల్వు స్ప్రింగులు కామ్‌షాఫ్టును ఠక్కున తిప్పేసే గండం నుంచి అది చాలామందిని గట్టెక్కించింది.

ఈలోగా బెల్టు నాణ్యత పెరిగింది. 1970ల మొదట్లో సమలంబ చతుర్భుజం (ట్రెపిజాయిడ్) ఆకారపు పళ్ళ స్థానంలో గుండ్రని పళ్ళ ఆకారం వచ్చింది. బరువు పన్ను మొదట్లో ఒకేచోట పడకుండా పరుచుకుంది. తర్వాత నియోప్రీన్ పోయి వేడినీ నూనెనూ ఎక్కువ తట్టుకునే హైడ్రోజనేటెడ్ నైట్రైల్ రబ్బరు వచ్చింది. గడువులు లక్ష కిలోమీటర్లకూ, ఆపైకీ పెరిగాయి. అప్పుడు బెల్టు కన్నా ముందు దాని చుట్టూ ఉన్న సరుకు చచ్చిపోవడం మొదలైంది: బిగువు చక్రం బేరింగు, దారి మళ్ళించే చక్రాలు, బెల్టే తిప్పే నీటి పంపు. పంపు పట్టేస్తే మంచి బెల్టు కూడా తెగుతుంది. అందుకే బెల్టు ఒక్కటే కాకుండా చక్రాలు, పంపు కలిపి ఒకే పెట్టెలో అమ్మడం ఆనవాయితీ అయింది.

యజమానిని నిజంగా బయటికి నెట్టింది చక్రాల్లోంచి చీలలు మాయమవడం. పాత ఇంజన్లలో చక్రం షాఫ్టు మీద ఒక చీలతో ఒకే స్థానంలో కూర్చునేది. 1990ల నుంచి ఫోర్డ్, రెనో లాంటి కంపెనీల కొన్ని ఇంజన్లలో చక్రాన్ని కేవలం బోల్టు బిగువే పట్టి ఉంచుతుంది. దీనివల్ల ఫ్యాక్టరీలో వాల్వుల వేళను చాలా కచ్చితంగా పెట్టవచ్చు. కానీ బోల్టు వదిలితే చక్రం మీది గుర్తుకు అర్థం ఉండదు. షాఫ్టులను ప్రత్యేక పిన్నులతో, పట్టీలతో బంధించి తీరాలి. బిగువు కూడా వేళ్ళకు అందలేదు: పోర్షా 944కు పీ9201 అనే కొలమానం లేకుండా బెల్టు బిగించకూడదని కంపెనీ చెప్పింది. తర్వాత బెల్టును మీటి దాని స్వరాన్ని హెర్ట్‌జుల్లో కొలిచే యంత్రాలు వచ్చాయి, ఆ పని ఇప్పుడు ఫోను యాప్‌లు కూడా చేస్తున్నాయి. ఫెరారీ టెస్టరోసా, ఎఫ్355 యజమానులకు ఈ బాధ లేదు. వాటికి బెల్టు మార్చాలంటే ఇంజన్‌నే కారులోంచి దించాలి, సొంతంగా చేద్దామన్న ఆలోచనే రాదు.

చట్టం మాత్రం యజమాని వైపు కదిలింది. అమెరికాలో 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం ప్రకారం, సర్వీసు బయట చేయించాడనో సొంతంగా చేసుకున్నాడనో చెప్పి కంపెనీ వారంటీ ఎగ్గొట్టడం కుదరదు. ఐరోపా సంఘం 2002 నిబంధనలతో స్వతంత్ర గ్యారేజీలకు సాంకేతిక సమాచారం ఇవ్వాల్సి వచ్చింది. 2012లో మసాచుసెట్స్ ఓటర్లు భారీ మెజారిటీతో రిపేరు హక్కు చట్టాన్ని ఆమోదించారు. కానీ ఇంజన్‌లో చీల తీసేస్తే చట్టం దాన్ని తిరిగి పెట్టించలేదు. హక్కు పెరుగుతున్న కాలంలోనే పని చేసుకునే వీలు తగ్గింది.

భారతదేశంలో కథ వేరుగా నడిచింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800లో మూడు సిలిండర్ల 796 సీసీ ఇంజన్ ఉంది, దాని కామ్‌షాఫ్టు నెత్తిన, బెల్టు మీద నడిచేది. అంబాసిడర్ గొలుసుకు అలవాటుపడ్డ విజయవాడ ఆటోనగర్ మెకానిక్కులకైనా, హైదరాబాదు రోడ్డు పక్క షెడ్లకైనా టైమింగ్ బెల్టు ఇంటింటి సరుకైంది ఈ కారుతోనే. 1998లో హ్యుందాయ్ శాంత్రో, అదే ఏడాది చివర టాటా ఇండికా డీజిలు వచ్చాయి. టాక్సీగా విపరీతంగా తిరిగిన ఇండికా వల్ల, డీజిలు ఇంజన్‌లో బెల్టు తెగడం అంటే ఏమిటో డ్రైవర్లందరికీ తెలిసొచ్చింది.

ఇక్కడ కారు యజమాని పానా పట్టలేదు. కూలీ చవక, అపార్ట్‌మెంటు సెల్లారులో ఇంజన్ విప్పే చోటు లేదు, కారు ఉన్న ఇంట్లో చాలాసార్లు డ్రైవరూ ఉండేవాడు. బ్రిటన్‌లో యజమానికి పుస్తకం చేసిన పని ఇక్కడ షెడ్డులో గురువు చేశాడు. పదేళ్ళ వయసులో పానాలు అందిస్తూ చేరిన కుర్రాడు టైమింగు పెట్టడం చూసి చూసి నేర్చుకునేవాడు. ఆ శిక్షణలో నైపుణ్యం ఎంత ఉందో బాల కార్మికుల చాకిరీ కూడా అంత ఉంది. మార్కులు కలపడం, వేళ్ళతో బెల్టు తిప్పి చూడటం, చేత్తో రెండు చుట్లు తిప్పడం అన్నీ మాన్యువల్ చదవకుండానే ఈ షెడ్లలో ఉన్నాయి. కొత్త కార్లు వచ్చేకొద్దీ ఈ మెకానిక్కులకూ అదే తలుపు మూసుకుంది. విడిభాగాలు, సాంకేతిక మాన్యువళ్ళు, పరీక్షా యంత్రాలు బయటి గ్యారేజీలకు అందకుండా చేశాయని భారత పోటీ కమిషన్ 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలను తప్పుపట్టి, 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో ప్రారంభించిన రిపేరు హక్కు పోర్టల్‌లో ఆటోమొబైల్ రంగం కూడా ఉంది.

అప్పటికే బెల్టు వెనక్కి తగ్గుతోంది. 2001 నాటి హోండా కె శ్రేణి, 2003 నాటి ఫియట్ 1.3 లీటర్ల డీజిలు, మారుతి కె శ్రేణి పెట్రోలు ఇంజన్లు గొలుసుకు మళ్ళాయి. కొత్త గొలుసులు చప్పుడు తక్కువ చేస్తాయి, సన్నగా ఉంటాయి, గడువు ప్రకారం మార్చే ఖర్చు ఉండదు. సాగినా, ప్లాస్టిక్ పట్టీలు విరిగినా మాత్రం ఆ పని బెల్టు కన్నా చాలా పెద్దది. ఇంకో దారి బెల్టునే తీసుకెళ్ళి నూనెలో ముంచడం. ఘర్షణ తగ్గి కొంత ఇంధనం మిగులుతుందని 2012లో ఫోర్డ్ 1.0 లీటర్ ఎకోబూస్ట్, అదే కాలంలో పెజో-సిట్రోయెన్ 1.2 లీటర్ ప్యూర్‌టెక్ ఈ పద్ధతి పట్టాయి. మొదటిది 2013లో ఎకోస్పోర్ట్ కారుతో భారతదేశానికీ వచ్చింది. ప్యూర్‌టెక్‌లో పెట్రోలు కలిసిన నూనెకు బెల్టు ఉబ్బి, రాలిన రబ్బరు నలుసులు నూనె జల్లెడను మూసేసిన సంఘటనలు ఐరోపాలో చాలా జరిగాయి. నూనె పోసే రంధ్రంలోంచి లోపలికి దించి బెల్టు వెడల్పు కొలిచే చిన్న కొలబద్దను కంపెనీ తయారుచేసింది. తర్వాత ఆ ఇంజన్లకు వారంటీని పదేళ్ళకు పెంచారు; దాని హైబ్రిడ్ రూపంలో మళ్ళీ గొలుసు పెట్టారు.

నూనెలోని బెల్టు మార్చాలంటే ఇంజన్ ముందు మూత మొత్తం విప్పి, మళ్ళీ నూనె కారకుండా అతికించాలి, షాఫ్టులను బంధించాలి. 1970ల కోర్టినా యజమాని మధ్యాహ్నం లోపు ముగించిన పని ఇప్పుడు అనుభవమున్న గ్యారేజీకి కూడా రోజంతా పడుతుంది. హేన్స్ సంస్థ 2020 చివర్లో కొత్త కార్లకు అచ్చు మాన్యువళ్ళు ఆపేస్తున్నట్టు, పాతవాటి ముద్రణ మాత్రం సాగుతుందని ప్రకటించింది. ఇంటి ముందు బెల్టు మార్చడం ఇప్పుడు ఎక్కువగా ఆ పాత కార్లు ఉంచుకున్నవాళ్ళు, వాటి సరుకు దొరికినంతవరకూ చేస్తున్న పని. ఎలక్ట్రిక్ కార్లకు వాల్వులే లేవు కాబట్టి వాటి సర్వీసు పట్టికలో టైమింగ్ బెల్టు అనే వరసే ఉండదు.